పని ఆగకముందే చెప్పే దీపం

గేదెకు జబ్బు చేస్తే ఇంట్లో పాలు పితికే మనిషికి ముందు తెలుస్తుంది. మేత ముట్టదు, నెమరు వేయదు, చెవులు వాలేస్తుంది, పాలు చేపదు. ఇవన్నీ కంటికి కనిపించే గుర్తులు. కాని పొదుగువాపులో ఇంకొక రకం ఉంది. గేదె మేత తింటుంది, నెమరు వేస్తుంది, పాలు ఇస్తుంది, ఆ పాలు తెల్లగానే ఉంటాయి. లోపల మాత్రం జబ్బు సాగుతూ ఉంటుంది. పాలు కొద్దికొద్దిగా తగ్గి, చివరికి ఒక చన్ను చెడిన తరువాత గాని రైతుకు తెలియదు. ఈ దాగి ఉన్న జబ్బును పట్టుకోవడానికి 1957లో అమెరికాలోని కాలిఫోర్నియాలో షాల్మ్, నూర్లాండర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సులువైన పరీక్షను వెలువరించారు. నాలుగు గుంటలున్న పళ్లెంలో నాలుగు చన్నుల పాలు వేరువేరుగా పిండి, మందు కలిపి తిప్పితే, జబ్బున్న చన్ను పాలు జిగురుగా చిక్కబడతాయి. కంటికి కనిపించని దానిని కంటికి చూపించడమే ఆ పరీక్ష చేసే పని.

యంత్రాలకు కూడా ఇటువంటి జబ్బులే రెండు రకాలున్నాయి. మొదటి రకంలో యంత్రం ఆగిపోతుంది. ఇది అందరికీ వెంటనే తెలుస్తుంది. పాలు పోయడానికి వచ్చినవారు వరుసలో నిలబడతారు, కేకలు వేస్తారు, కార్యదర్శి పరుగెత్తుతాడు, మెకానిక్ వస్తాడు. రెండవ రకంలో యంత్రం ఆగదు. లోపం వచ్చినా పని సాగుతూనే ఉంటుంది. ఎవరూ కేక వేయరు. నష్టమంతా ఈ రెండవ రకంలోనే ఉంది. దానిని చెప్పడానికే యంత్రం ముఖాన చిన్న దీపాలు పెట్టారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లోని సంఘాలను తనిఖీ చేస్తూ తిరుగుతున్నప్పుడు మేము గమనించిన విషయం ఒకటుంది. యంత్రాలను రోజూ తుడిచే సంఘాలు చాలా ఉన్నాయి. వాటి మీద ఉన్న దీపాలు ఏమి చెబుతున్నాయో చదివే సంఘాలు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

చెవితో చూసుకున్న రోజులు

ఉమ్మడి రాష్ట్రంలో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1974లో ఏర్పడింది. 1981లో అది సహకార సమాఖ్యగా మారింది. ఆ రోజుల్లో గ్రామంలో పాలు క్యాన్లలోకి పోసి, లారీ మీద శీతలీకరణ కేంద్రానికి పంపేవారు. కేంద్రంలో పెద్ద అమ్మోనియా కంప్రెసర్లు ఉండేవి. అనుభవజ్ఞుడైన ఆపరేటరు గడప అవతల నిలబడి చప్పుడు వినే కంప్రెసరు ఎట్లా ఉందో చెప్పేవాడు. బెల్టు వదులైతే ఒక చప్పుడు, బేరింగు అరిగితే ఇంకొక చప్పుడు. అతని చెవే అప్పటి సూచిక.

తరువాత శీతలీకరణ గ్రామం దగ్గరికే వచ్చింది. దీనినే మనం బల్కు మిల్కు కూలరు అనీ, పొడి అక్షరాల్లో బి.ఎం.సి. అనీ అంటున్నాము. దీని కంప్రెసరు చాలా చోట్ల మూసిన డబ్బాలో ఉంటుంది. లోపల మోటారు తిరుగుతున్నదో, మూలుగుతున్నదో బయటి మనిషికి తెలియదు. దాని పక్కనే పాలు కలిపే ఎజిటేటరు, గాలి కొట్టే ఫ్యాను తిరుగుతూ ఉంటాయి కనుక గదిలో ఏదో ఒక చప్పుడు ఎప్పుడూ ఉంటుంది. చెవితో చూసే విద్య ఇక్కడ పనికిరాదు. దాని స్థానంలో దీపాలు వచ్చాయి.

పాలు చల్లబడకపోతే ఏమవుతుందో సభ్యులకు తెలియనిది కాదు. అయినా లెక్క ఒకసారి చూద్దాం. పితికినప్పుడు పాల వేడి 37, 38 డిగ్రీలుంటుంది. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతాయనుకుందాం. ఒక చుక్కలో 1,000 ఉంటే గంటకు 4,000, రెండు గంటలకు 16,000, నాలుగు గంటలకు 2,56,000 అవుతాయి. అదే పాలను మూడు గంటల లోపల 4 డిగ్రీలకు దించితే వాటి పెరుగుదల బాగా మందగిస్తుంది. అవి చావవు, నిద్రపోతాయంతే. కనుక పాలు ఊరు దాటి హైదరాబాదు చేరేవరకు ఆ చల్లదనం ఎక్కడా తెగిపోకూడదు. నడిగడ్డలో ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఒక్క రాత్రి తెగినా చాలు.

మూడు దీపాల కథ

బల్కు కూలరు ప్యానెలు బోర్డు మీద పైవరుసలో ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడుంటాయి. చాలామంది సభ్యులు వీటిని చూసి, ఎర్ర దీపం వెలుగుతున్నది కనుక ఏదో ప్రమాదమని అనుకుంటారు. ఇది పొరపాటు. ఈ మూడూ మూడు ఫేజుల గుర్తులు. మూడూ వెలిగితేనే మంచిది. వీటిలో ఏది ఆరినా అనుమానించవలసిందే.

ఎందుకంటే మూడు ఫేజుల మోటారు నడుస్తూ ఉండగా ఒక ఫేజు పోతే, మోటారు చాలాసార్లు వెంటనే ఆగదు. మిగిలిన రెండు ఫేజుల మీదనే ఈడ్చుకుంటూ పోతుంది. మూడు ఎద్దుల బరువు రెండు ఎద్దుల మీద పడినట్లు, ఆ రెండు తీగల్లో కరెంటు మామూలు కంటే ఒకటిన్నర రెట్లకు మించిపోతుంది. చుట్టలు వేడెక్కుతాయి, పైపూత కరుగుతుంది, కొంతసేపటికి మోటారు కాలిపోతుంది. దీనిని ఆపడానికే సింగిల్ ఫేజు ప్రివెంటరు అనే చిన్న పెట్టె, ఓవర్‌లోడు రిలే ఉంటాయి. ఫేజు తెగగానే ఇవి మోటారును ఆపి, ట్రిప్ దీపం వెలిగిస్తాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. నడుస్తున్న మోటారు తెగిపోయిన ఫేజు మీదికి తానే కొంత వోల్టేజిని తిరిగి తోస్తుంది. అందువల్ల ఆ ఫేజు దీపం పూర్తిగా ఆరిపోకుండా మసకగా వెలగవచ్చు. మసక వెలుగును కూడా ఆరిన దీపంగానే లెక్కించాలి. వెంటనే వోల్టు మీటరు మీట తిప్పి, ఎరుపు-పసుపు, పసుపు-నీలం, నీలం-ఎరుపు మధ్య వోల్టేజి చూడాలి. మూడు చోట్లా దాదాపు సమానంగా, 400 నుంచి 415 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఒక జత మిగిలిన వాటికంటే బాగా తగ్గితే మోటారు ఆపి, లైనుమాన్‌కు కబురు చేయాలి.

మా సంతకం కింద పోయిన పాలు

ఇది మా అనుభవంలోని సంగతి. ఊరి పేరు అవసరం లేదు. చాలా ఏళ్ల కిందట ఒక వేసవిలో మేము ఒక కూలరు గదిని తనిఖీ చేశాము. 2,000 లీటర్ల ట్యాంకు. లెక్కలు సరిగా ఉన్నాయి, గది శుభ్రంగా ఉంది. ప్యానెలు మీద నీలం దీపం మాత్రం వెలగడం లేదు. అడిగితే టెస్టరు, "బల్బు కొట్టుకపోయింది సార్, కరెంటు మంచిగనే ఉంది" అన్నాడు. మీటరు తిప్పి చూస్తే నిజంగానే మూడు ఫేజులూ ఉన్నాయి. బల్బు మార్చమని నోటితో చెప్పి, రిజిస్టరులో "తనిఖీ చేయబడినది, సరిగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టి వచ్చాము.

వారం తిరగకుండా ఒక సాయంకాలం గాలివాన వచ్చింది. కరెంటు పోయి కొంతసేపటికి తిరిగి వచ్చింది. వచ్చింది రెండు ఫేజులు మాత్రమే. రానిది నీలం ఫేజు. నీలం దీపం ఆరి ఉండడం ఆ గదిలో అందరికీ అలవాటైపోయింది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. మాటిమాటికీ ట్రిప్ అవుతున్నదని ప్రివెంటరును అంతకుముందే తప్పించి, డైరెక్టుగా కలిపి ఉంచారు. ఆ సంగతి మేము పెట్టె తెరిచి చూడలేదు. ఎజిటేటరు ఒక ఫేజు మీద తిరిగేది కనుక తిరుగుతూనే ఉంది. గది దీపం వెలుగుతూనే ఉంది. కంప్రెసరు మాత్రం లేవలేక మూలిగి మూలిగి కాలిపోయింది. తెల్లవారి ట్యాంకరు వచ్చేసరికి పాల వేడి 20 డిగ్రీలు దాటి ఉంది. పరీక్షనాళికలో కాచగానే విరిగిపోయాయి.

ఆ పూట ట్యాంకులో ఉన్న పాలన్నీ పారబోశారు. కొత్త కంప్రెసరు ఖర్చు సంఘం మీద పడింది. ఆ ఏడు సభ్యులకు బోనసు రాలేదు. పాలు పోసినవారిలో ఒకే గేదె మీద ఇల్లు గడిపే వారున్నారు. వారి తప్పు ఇందులో ఏమీ లేదు. తప్పు టెస్టరుదని అందరూ అన్నారు. మాకు మాత్రం రిజిస్టరులోని మా సంతకం కనబడుతూ ఉండేది. కొన్ని రూపాయల బల్బు మార్చే వరకు సంతకం ఆపి ఉంటే ఆ గదిలో ఎవరో ఒకరు కొత్తగా ఆరిన దీపాన్ని చూసేవారు.

ఆనాటి నుంచి మేము ఒక నియమం పెట్టుకున్నాము. పనిచేయని సూచిక దీపాన్ని చిన్న లోపంగా రాయము. యంత్రమే పనిచేయనట్లు రాస్తాము. దీపం చెడితే నోరు లేని యంత్రం నోరు మూసినట్లే.

రంగును నమ్మవద్దు, పేరు చదవండి

ఎరుపు అంటే ఆగు, ఆకుపచ్చ అంటే సాగు అని మనకు రోడ్డు మీద అలవాటు. యంత్రాల మీద ఈ అలవాటు కొన్నిసార్లు మోసం చేస్తుంది. ఫేజు దీపాల్లో ఎరుపుకు అర్థం వేరని పైన చెప్పాము. ఇంకొక చిక్కు కూడా ఉంది. మన దేశంలో పాత కరెంటు బోర్డులు చాలా వాటిలో స్విచ్చి కలిసి ఉంటే ఎరుపు, తీసి ఉంటే ఆకుపచ్చ, ట్రిప్ అయితే పసుపు వెలుగుతుంది. అంటే "ఇందులో కరెంటు ఉంది, చెయ్యి పెట్టవద్దు" అని ఎరుపు చెబుతుంది. యంత్రాల కోసం తరువాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఆకుపచ్చ అంటే సవ్యంగా ఉన్నది, పసుపు అంటే మామూలుగా లేదు చూడండి, ఎరుపు అంటే ప్రమాదం, నీలం అంటే మీరు చేయవలసిన పని ఉన్నది. కొత్త యంత్రం, పాత బోర్డు ఒకే గదిలో పక్కపక్కన ఉంటే ఒకే రంగు రెండు భాషలు మాట్లాడుతుంది.

కనుక రంగును బట్టి అర్థం ఊహించవద్దు. దీపం కింద రాసిన పేరు చదవాలి. పేరు ఇంగ్లీషులో ఉంటే, చెరిగిపోయి ఉంటే, కార్యదర్శి తెలుగులో చీటీ రాసి అంటించాలి. "ఈ దీపం వెలగాలి" అనో, "ఈ దీపం వెలిగితే ఫోను చేయాలి" అనో రాస్తే బడికి పోయే పిల్లవాడు కూడా చదువుతాడు.

వెలిగితే మంచిదా, ఆరితే మంచిదా?

సూచిక దీపాలన్నీ రెండు జాతులు. ఒకటి క్షేమ దీపం. అంతా బాగున్నంత కాలం వెలుగుతుంది, చెడితే ఆరుతుంది. ఫేజు దీపాలు ఈ జాతివి. రెండవది హెచ్చరిక దీపం. అంతా బాగుంటే ఆరి ఉంటుంది, చెడితే వెలుగుతుంది. ట్రిప్ దీపం, వేడి ఎక్కువైందని చెప్పే దీపం ఈ జాతివి.

క్షేమ దీపంలో ఒక సుగుణం ఉంది. బల్బు పోయినా, తీగ తెగినా అది ఆరుతుంది కనుక మనిషి వచ్చి చూస్తాడు. రైలు సిగ్నలు వెనుక ఉన్న ఆలోచన ఇదే. అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో కనిపెట్టిన పద్ధతిలో పట్టాల గుండా ఎప్పుడూ చిన్న కరెంటు పారుతూ ఉంటుంది. ఆ కరెంటు అందుతున్నంతసేపే దారి ఖాళీగా ఉన్నట్లు లెక్క. బండి వచ్చినా, పట్టా విరిగినా, తీగ తెగినా కరెంటు అందదు, సిగ్నలు ఎరుపుకు పడుతుంది. గద్వాల జంక్షనులో బండి కోసం నిలబడినప్పుడు ఈ సంగతి తలచుకోండి. ఏది చెడినా ఆపే వైపుకే చెడేటట్లు దానిని కట్టారు.

హెచ్చరిక దీపానికి ఆ గుణం లేదు. అది ఆరి ఉన్నదంటే లోపం లేదని అర్థం కావచ్చు, దీపమే చచ్చిపోయిందని కూడా కావచ్చు. అందుకే దానిని పరీక్షించాలి. ట్రాక్టరు నడిపేవారికి ఇది తెలుసు. తాళం తిప్పగానే ఆయిలు దీపం వెలుగుతుంది, ఇంజను లేచిన తరువాత ఆరిపోతుంది. తాళం తిప్పినప్పుడు వెలగకపోతే తెలిసినవాడు ఇంజను లేపడు. మన ప్యానెళ్లలో కూడా కొన్నింటికి దీపాలను పరీక్షించే బటను ఉంటుంది. నొక్కితే అన్ని దీపాలూ వెలగాలి. రోజూ ఉదయం పాల సేకరణకు ముందు ఒకసారి నొక్కి చూడడానికి అర నిమిషం చాలు.

ఇంకొక బి.ఎం.సి.

ఇప్పటివరకు చెప్పినది పాల సంగతి. పాల లెక్క సంగతి కూడా ఇదే దారిలో ఉంది. మీరు పోసిన పాల బరువు, వెన్న శాతం, ఇతర ఘనపదార్థాల శాతం సంఘంలోని యంత్రం నమోదు చేసి చీటీ ఇస్తుంది. కంప్యూటరుతో కలిపిన చోట ఆ లెక్క కార్యాలయంలో ఉండే పెద్ద కంప్యూటరుకు చేరుతుంది. దీనినే సర్వరు అంటారు. బిల్లులు దాని నుంచే తయారవుతాయి. అది చెడితే పాలు విరగవు గాని డబ్బు ఆగుతుంది.

సర్వరు ఆరోగ్యాన్ని చూసే చిన్న కంప్యూటరు ఒకటి దాని లోపలే విడిగా ఉంటుంది. చిత్రమేమంటే దాని పొడి పేరు కూడా బి.ఎం.సి.యే. బేస్‌బోర్డు మేనేజిమెంటు కంట్రోలరు అని పూర్తి పేరు. మన బి.ఎం.సి. పాలను కాస్తే, ఆ బి.ఎం.సి. యంత్రాన్ని కాస్తుంది. సర్వరును ఆపివేసినా, కరెంటు తీగ తగిలించి ఉన్నంతవరకు ఇది మేలుకొనే ఉంటుంది. ఫ్యాన్లు ఎంత వేగంతో తిరుగుతున్నాయి, లోపల వేడి ఎంత, వోల్టేజి సరిగా ఉందా, విద్యుత్తు అందించే పెట్టెలు రెండూ పనిచేస్తున్నాయా అని చూస్తూ, తేడా వస్తే తన దినచర్యలో రాసుకుంటుంది, ముఖం మీద దీపం వెలిగిస్తుంది, ఏర్పాటు చేసి ఉంటే ఉద్యోగికి కబురు పంపుతుంది. వేరువేరు కంపెనీల యంత్రాలు ఈ విషయంలో ఒకే భాష మాట్లాడాలని ఇంటెల్, డెల్, హ్యూలెట్ ప్యాకర్డ్, నెక్ కంపెనీలు కలిసి 1998లో ఒక ఉమ్మడి పద్ధతిని ప్రకటించాయి.

ఇక్కడ కూడా రెండవ రకం లోపమే పెద్ద శత్రువు. లెక్కలు నిలువ ఉండే డిస్కు చెడిపోవచ్చునని ముందే తెలుసు కనుక రెండు డిస్కుల మీద ఒకే లెక్క రాసే ఏర్పాటు ఉంటుంది. డిస్కులను ఇట్లా జట్టు కట్టే పద్ధతులను 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఒక వ్యాసంలో వరుసగా వివరించారు. ఒక డిస్కు చెడినా రెండవది పని నడిపిస్తుంది. బిల్లులు వస్తూనే ఉంటాయి, ఎవరికీ ఏమీ తెలియదు. చెడిన డిస్కు పక్కన చిన్న పసుపు దీపమో ఎర్ర దీపమో వెలుగుతుంది, అంతే. సర్వరు ఉన్న గదికి తాళం వేసి ఉంటే ఆ దీపం గోడలకే చెప్పుకుంటుంది. ఈ లోపల రెండవ డిస్కు కూడా చెడితే మొత్తం లెక్క పోతుంది. రెండు ఫేజుల మీద ఈడ్చిన మోటారుకు, ఒక్క డిస్కు మీద ఈడ్చే సర్వరుకు తేడా లేదు. జత ఎద్దుల్లో ఒకటి కుంటిదైతే బండి ఆ పూటకు ఇల్లు చేరుతుంది. మరునాడు కూడా అట్లాగే కట్టేవాడు రైతు కాదు.

సర్వరు మీద నీలం దీపం కూడా ఒకటి ఉంటుంది. చాలా యంత్రాలలో దానికి లోపంతో సంబంధం లేదు. ఒకే రకం పెట్టెలు చాలా ఉన్న గదిలో "బాగు చేయవలసినది ఇదిగో, ఇదే" అని చూపడానికి దూరం నుంచి దానిని వెలిగిస్తారు. మన పశువుల చెవులకు వేసే 12 అంకెల పోగు చేసే పని ఇదే. మందలో ఒక గేదెకు వేయవలసిన సూది ఇంకొక గేదెకు వేస్తే ఏమవుతుందో, చెడిన డిస్కు బదులు మంచి డిస్కును లాగితే అదే అవుతుంది. ఉన్న ఒక్క ఆధారమూ చేతులారా తీసివేసినట్లవుతుంది.

దీపం చెప్పలేనివి

దీపాన్ని చదవమంటున్నాము గాని దానినే పూర్తిగా నమ్ముకోమనడం లేదు. దీపం తనకు తగిలించిన తీగ చెప్పినదే చెబుతుంది. కూలరు మీద ఉష్ణోగ్రత అంకె 4 చూపించినా, ఎజిటేటరు తిరగకపోతే అడుగున ఒక వేడి, పైన ఒక వేడి ఉంటుంది. అందుకే పాలను కలిపిన తరువాత చేతి థర్మామీటరుతో వేరుగా చూడాలి. తూకం యంత్రం మీద దీపం వెలుగుతున్నా, ఖాళీ పాత్ర పెట్టినప్పుడు అంకె సున్నాకు వచ్చిందా లేదా అన్నది పోసేవారే చూసుకోవాలి. సర్వరులో రెండు డిస్కులూ ఆకుపచ్చగా ఉన్నా, తప్పుగా ఎక్కించిన లెక్క రెండింటి మీదా తప్పుగానే ఉంటుంది. పొరపాటున చెరిపితే రెండింటి మీదా చెరిగిపోతుంది. కనుక లెక్కకు వేరే చోట ఇంకొక ప్రతి ఉండాలి. సభ్యులు తమ పాల చీటీలను కనీసం ఆ పక్షం బిల్లు చేతికి వచ్చే వరకు దాచుకోవాలి.

ఇంకొక మాట. దీపం వెలుగుతుంది, కబురు కూడా పోతుంది. ఆ కబురు ఎవరికి పోతున్నదన్నది ముఖ్యం. బదిలీ అయి వెళ్లిన ఉద్యోగి ఫోనుకు హెచ్చరికలు పోతూ ఉండగా మేము ఒక చోట చూశాము. ఇంటికి నిప్పంటుకుంటే పక్క ఊరిలో డప్పు కొట్టినట్లుంది ఆ వ్యవహారం.

మన సంఘాల్లో చేయవలసినవి

పాలు పోయడానికి రోజుకు రెండు పూటలా వచ్చే సభ్యుల కన్నా మంచి కాపలా ఏ కంపెనీ అమ్మలేదు. నాగర్‌కర్నూలు వైపు ఒక సంఘంలో ఇటీవల ఒక వానాకాలం జరిగినది చెబుతాము. కూలరు ఉన్న గదిలోనే పాలు పోసుకుంటారు. పాలు పోసి తిరిగి పోతున్న ఒక పెద్దామె ప్యానెలు వైపు చూసి, "నిన్న మూడు బుగ్గలు వెలుగుతుండె, ఇయ్యాల రెండే ఉన్నయేంది బిడ్డా?" అని టెస్టరును అడిగింది. అతడు మీటరు తిప్పి చూసి కంప్రెసరు ఆపాడు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయింది. జనరేటరు వేసి ఆ రాత్రి గడిపారు. పాలన్నీ దక్కాయి. ఆమె ఏ చదువూ చదవలేదు. మూడు ఉండాలని మాత్రం ఎరుగును. ఆ సంఘంలో ప్యానెలు పక్కన "మూడూ వెలగాలి" అని సున్నంతో పెద్ద అక్షరాలు రాసి, చదువు రానివారికి నోటితో చెప్పి ఉంచారు.

ఈ కింది పనులకు ఖర్చు చాలా తక్కువ. పాలకవర్గం తీర్మానం చేసి అమలు జరపవలసిందిగా కోరుతున్నాము.

1. ప్రతి దీపం కింద దాని పేరు, అది వెలగాలా ఆరాలా అన్నది తెలుగులో రాసి అంటించాలి.

2. టెస్టరు ప్రతి పూటా సేకరణకు ముందు, రాత్రి గది మూసే ముందు దీపాలన్నీ చూసి రిజిస్టరులో రాయాలి. "అన్నీ సరే" అని రాయకూడదు. ఏది వెలిగింది, ఏది ఆరింది, పాల ఉష్ణోగ్రత ఎంత, మూడు జతల వోల్టేజి ఎంత అని అంకెలతో రాయాలి.

3. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గదికి వెళ్లి చూడాలి. గాలివాన రాత్రి ఈ పని వాయిదా వేయకూడదు.

4. విడి బల్బులు నాలుగు ఎప్పుడూ బీరువాలో ఉండాలి. ఆరిన బల్బు ఆనాడే మార్చాలి. మార్చే ముందు మెయిను తీయాలి. తడి చేతులతో ప్యానెలు ముట్టకూడదు. పెట్టె తెరిచే పని ఎలక్ట్రీషియనుకు వదలాలి.

5. ప్రివెంటరు మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే దానిని తప్పించకూడదు. అది ఎందుకు ట్రిప్ అవుతున్నదో కనుక్కోవాలి. ట్రిప్ అయిన రిలేను ఒకసారి నొక్కి చూడవచ్చు. మళ్లీ ట్రిప్ అయితే రెండోసారి నొక్కకుండా మెకానిక్‌ను పిలవాలి.

6. మెకానిక్, లైనుమాన్, జనరేటరు మనిషి ఫోను నంబర్లు గోడ మీద రాసి ఉండాలి. మనిషి మారితే ఆనాడే నంబరు మార్చాలి.

7. పాల సేకరణ యంత్రం లెక్క పైకి పంపకుండా నిలిచిపోయిందని దీపం చెబితే, కార్యదర్శి ఆ పూటే కార్యాలయానికి తెలపాలి. బిల్లు రోజు వరకు ఆగకూడదు.

8. సభ్యుడు ఎవరు దీపం గురించి అడిగినా టెస్టరు విసుక్కోకూడదు. వెళ్లి చూసి జవాబు చెప్పాలి.

ఇక తనిఖీ అధికారుల మీద ఉన్న బాధ్యత కూడా రాస్తేనే ఈ వ్యాసం న్యాయంగా ఉంటుంది. మేము వచ్చినప్పుడు లెక్కల పుస్తకాల కన్నా ముందు మమ్మల్ని ప్యానెలు దగ్గరికి తీసుకుపోండి. దీపాల పరీక్ష మా ఎదుట చేయించండి. ప్రివెంటరు కలిపి ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చేత తెరిపించి చూపించండి. ఒక్క దీపం పనిచేయకపోయినా మా చేత సంతకం పెట్టించవద్దు.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి మన మూడు జిల్లాలూ వేరుపడ్డాయి. బోర్డులు మారాయి, కార్యాలయాలు మారాయి. పాల స్వభావం మారలేదు. అది చల్లగా ఉంటే నిలుస్తుంది, వేడెక్కితే విరుగుతుంది. సాయంత్రం పాలు పోసి ఇంటికి పోయేటప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ మూడు దీపాల వైపు చూసి పోవలసిందిగా సభ్యులందరికీ మా మనవి. రెండే ఉంటే అడగండి.